పంపురూములో పుంటికూర తొక్కు

ఊరివాళ్లు మొత్తంగా దుబాయ్ అనేసే గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ల క్వారీ, దాని పక్కనే లేబర్ క్యాంపు. ఆ క్యాంపులో లింబాద్రిది చెప్పుకోడానికి చిన్న ఉద్యోగమే గాని, ఆయన లేనిదే ఎవరికీ స్నానం లేదు. ట్యాంకరు తెచ్చిన నీళ్లు కిందికి దింపాలి, మోటారు వేసి పైకి ఎక్కించాలి. మోటారు ఉండే పంపురూము నేలకింద ఉంటుంది. ఒక గోడకు అవతలంతా నీళ్లే. ఆగస్టులో పైన రేకులు మాడిపోతుంటే ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నవాడికి లేవబుద్ధి కాదు.

వంటగది వెనక ఏసీల నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పారే చోట లింబాద్రి ఒక మడి కట్టాడు. జగిత్యాల పక్క పల్లెలో భార్య సమ్మవ్వ గుడ్డలో మూటగట్టి ఇచ్చిన పుంటికూర గింజలు చల్లాడు. దాన్ని ఎవరైనా గోంగూర అన్నారో, లింబాద్రి ఆ పూట వాళ్లతో మాట్లాడడు.

మొదటి ఏడు ఘోరం జరిగింది. చలికాలమంతా కూర ఏపుగా పెరిగింది. కానీ ఊళ్లో తొక్కు, అదే నిల్వ పచ్చడి, ఎండలు ముదిరాకే పెడతారు కదా! ఆ లెక్కనే ఈయనా ఎండల కోసం కాచుకు కూర్చున్నాడు. ఎండలు రానే వచ్చాయి, సముద్రం మీది ఉక్కను వెంటబెట్టుకుని మరీ. రేకుల మీద ఆరబోసిన ఆకు తెల్లారేసరికి తడిసి ముద్దయ్యేది. అయినా మొండిగా తొక్కు పెట్టాడు. నెల తిరక్కుండానే సీసా నిండా బూజు.

ఫోనులో సమ్మవ్వ పడీపడీ నవ్వింది. “నీ చెయ్యే గసొంటిదయ్యా. నువ్వు ముట్టుకుంటె బూజు వట్టుడే. తొక్కు నేను వెట్టి పంపుత గని, నువ్వు మోటర్లు నడుపుకో.”

ఆ మాట గుచ్చుకుంది. పెళ్లయినప్పటి నుంచీ ఊరి పచ్చళ్లు దుబాయ్‌కి మోసిన మనిషి. ఈసారి దుబాయ్ నుంచి ఊరికి తొక్కు మోసుకుపోవాలి, సమ్మవ్వ నోటితోనే బాగుందనిపించుకోవాలి. అదీ ఆయన పంతం.

మరుసటి ఏడు ఫిబ్రవరిలోనే, ఇంకా పొడిగాలి వీస్తుండగా లేత ఆకు కోశాడు. నీడపట్టున ఆరబెట్టి, నూనెలో మగ్గబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి, మెంతిపొడి వేసి నూరాడు. మూడు వెడల్పు మూతి పెద్ద సీసాలు నిండాయి. రెండు క్యాంపుకు, ఒకటి సమ్మవ్వకు. మూడింటినీ పంపురూములో నీళ్ల గోడ పక్కన పెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, చూడ్డానికి వస్తే “మోటర్ బహుత్ గరమ్ హై సాబ్” అని మెట్ల దగ్గరే ఆపేశాడు.

జూలై వచ్చేసరికి క్యాంపు సీసాలు రెండూ ఖాళీ. లింబాద్రి పడుకునే గదిలోనే ఉండే హన్మాండ్లు ఊరుకుంటాడా?

“లింబాద్రన్నా, గా మూడో సీసల ఏమున్నదే?”

“నీకు పనికిరానిది ఉన్నది. నోరు మూసుకొని పండుకో.”

ఆగస్టులో హన్మాండ్లుకు జ్వరం పట్టుకుంది. జ్వరమైతే తగ్గింది గాని మెతుకు లోపలికి పోవడం లేదు. “నోరంత చేదున్నదన్నా. జర్రంత పుంటికూర తొక్కుంటె బువ్వ దిగుతుండె,” అన్నాడు నీరసంగా.

లింబాద్రి పంపురూములోకి దిగి సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూత తీస్తే ఇక అయిపోయినట్టే; క్యాంపులో ఎన్ని చేతులు, ఎన్ని తడి చెంచాలు! లీవుకు ఇంకెన్నో రోజులు లేవు కూడా. హన్మాండ్లు మీద, వాడి జ్వరం మీద, చివరికి సమ్మవ్వ మీద కూడా కోపం వచ్చింది. కాసేపు అందరినీ తిట్టుకుని మూత తీశాడు. బూజు లేదు. పైన నూనె తేరుకుని ఎర్రగా మెరుస్తోంది. చూసేందుకు పక్కన ఎవరూ లేరే అని ప్రాణం ఉసూరుమంది.

హన్మాండ్లు పళ్లెం ఖాళీ చేశాడు. వాసన వరండా అంతా పాకింది. ఒక్కో గదిలోంచీ ఒక్కో పళ్లెం వచ్చింది. “తడి చంచ వెట్టినోని చెయ్యి ఇరగ్గొడ్త!” అని అరుస్తూనే లింబాద్రి అందరికీ వడ్డించాడు. సాయంత్రానికి సీసా అడుగు కనబడింది. ఖలాస్.

లీవుకు ఊరెళ్లినప్పుడు సమ్మవ్వ పెట్టె తెరిచి, లుంగీలో చుట్టిన సీసా బయటికి తీసింది.

“ఏందయ్యా, ఉత్త సీస తెచ్చినవ్?”

లింబాద్రి తలొంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. కడగబుద్ధి కాలేదన్నాడు. సమ్మవ్వ సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. లోపలికి వెళ్లి వేడి వేడి అన్నం తెచ్చి సీసాలో వేసింది. ఖాళీ అయిన తొక్కు జాడీని అన్నం కలపకుండా కడగడం ఆమె ఇంటావంటా లేదు. చేయి లోపలికి పెట్టి చుట్టూ రాచి, ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది.

“ఉప్పు తక్కువైంది.”

ఆయన ముఖం వాడిపోయింది. ఆమె ఇంకో ముద్ద తిన్నది. మూడో ముద్ద మొగుడికి పెట్టబోయి, మనసు మార్చుకుని తనే నోట్లో వేసుకుంది.

“ఇంత మంచి చెయ్యి వెట్టుకొని, ఇన్నేండ్లు నాతోని పెట్టెలు నింపిచ్చినవా అయ్యా? వచ్చేసారి నిండు సీస తెస్తెనే ఇంట్లకు రానిస్త!”