లేసు గోడౌను మీద తెల్ల పూత

అరవై ఒక్క టేబుల్ క్లాత్‌లు పోయాయి. ఒక్కొక్క దానిలో నలభై ఎనిమిది లేసు పువ్వులు, అంటే మొత్తం రెండు వేల తొమ్మిది వందల ఇరవై ఎనిమిది. విప్పని దారం పెట్టెలు పదకొండు. ఒక కాటా. దారానికీ కాటాకీ ఆ రోజే ధర కట్టాను. పువ్వులకు కట్టలేకపోయాను.

నరసాపురంలో మా అక్క లేసు సంఘం నడిపేది. అరవై ఒక్క మంది ఆడవాళ్ళు ఇంటి పనులు చూసుకుంటూ నెలకు ఒక క్లాత్ చొప్పున అల్లి, గోడౌనుకు తెచ్చి అప్పగించేవారు. సరుకు అమ్ముడయ్యాక ఎవరి క్లాత్ డబ్బు వారికి అందేది. అప్పటిదాకా ఆ క్లాత్ అల్లినామెదే.

నేను శ్లాబుల పని చేస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయి సిమెంటు కొట్లో చేరాను. కొలతలు, లెక్కలు అక్కడే సొంతంగా పట్టుబడ్డాయి. షాపులు, గోడౌన్లు, కల్యాణ మండపాల శ్లాబులు కారకుండా చెయ్యడం నా బతుకు. అక్క గోడౌను శ్లాబు నలభై అడుగులు ముప్పై, పన్నెండు వందల చదరపు అడుగులు. దాని మీద పాత సున్నం పెచ్చులూడిపోతే గీకించి, నాలుగు మిల్లీమీటర్ల తారు షీటు గ్యాసు మంటతో కాల్చి అతికించాను. పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు తిప్పాను. నీళ్ళు పోయే గొట్టాలు మూడు ఉంటే నాలుగు చేశాను.

ఆ వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం చూడ్డానికి పైకెళ్తే నాకు గుండె ఆగినంత పనైంది. ఉతికి గంజి పెట్టిన లేసును ముడతల్లేకుండా సాగదీసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెడితేనే దానికి ఆకారం నిలుస్తుంది. అంతకుముందు చెక్క పలకల మీద గుచ్చేవారు. ఇప్పుడు తారు షీటు మెత్తగా దొరికింది. పాత చీరలు పరిచి, వాటి మీద లేసు పరిచి, సూదుల్ని ఏటవాలుగా నా షీటులోకే దించుతున్నారు.

"ఏంటక్కా ఇది? నా షీటుకి సూదులా?"

"నీ షీటేంట్రా, మా షీటు. బిల్లు కట్టాం కదా."

"తమ్ముడుగారు శ్లాబెక్కడానికి టిక్కెట్టు పెడతారేమోనండీ అక్కగారూ," అంది సూదుల డబ్బా పట్టుకున్నామె. అందరూ నవ్వారు.

నేనొక సూది పీకి, దాని పక్కన సుద్దముక్కతో గీత పెట్టాను. సాయంత్రం దాకా ఆగి చూశాను. ఎండకు తారు మెత్తబడి చిల్లు దానంతటదే పూడుకుపోయింది.

"ఫరవాలేదులే, గుచ్చుకోండి," అన్నాను.

ఆ ఏటికి అది సరైన లెక్కే. కానీ తారు షీటు ఎండకు మెత్తబడినంత కాలం మెత్తబడి, లోపలి జిడ్డు ఇగిరిపోయి, గట్టిపడి నెర్రెలిస్తుంది. దాన్ని కాపాడాలంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వెయ్యాలి. అది తెలిసినవాణ్ణి కాబట్టి మరుసటి ఏడు రెండు పూతలు వేశాను. ఆడవాళ్ళ ఆనందం చెప్పలేను. నల్ల మరక అంటుతుందన్న భయం లేదు, చీరలు పరిచే పని లేదు. అక్క నాకు ఆ రోజు చేపల పులుసు వండిపెట్టింది.

తెల్ల పూతతో శ్లాబు చల్లబడింది. చల్లబడిన తారు మళ్ళీ మెత్తబడలేదు. మెత్తబడకపోతే చిల్లు పూడదు. ఈ మూడు మాటలూ నాకు విడివిడిగా తెలుసు. కలిపి చూసుకోలేదు.

క్లాత్‌కు నూట ఇరవై సూదులు, రోజుకు నాలుగు క్లాత్‌లు, ఏడాదిలో ఆరబెట్టే రోజులు నూట యాభై. డెబ్బై రెండు వేల చిల్లులు. చదరపు అడుగుకు అరవై. ఈ లెక్క నేను వేసింది వాయుగుండం వర్షం మూడు రోజులు కురిసి వెలిశాక.

నాలుగో రోజు పొద్దున్న అక్క గోడౌను తలుపు తీసింది. షీటు కిందికి దిగిన నీళ్ళు బయటికి దారి లేక శ్లాబులోకి ఇంకి, తుప్పు పట్టిన ఇనుప ఊచల వెంట కారాయి. కట్టలు కట్టి పెట్టిన లేసంతా టీ పోసినట్టు ఎర్రటి మరకలు. ఎన్ని మందులు పెట్టి ఉతికినా పోలేదు. నేను పైకెళ్ళి కత్తితో షీటు కోస్తే నీళ్ళు చిమ్మాయి.

కిందికొచ్చి అక్కకు జరిగింది చెప్పాను. అన్నీ విని, "ఈ మాట ఎవరితోనూ అనకు. ఊళ్ళో నీకు శ్లాబు ముట్టనివ్వరు," అంది.

"డబ్బు నేను కడతానక్కా."

"నువ్విస్తే ఎందుకిచ్చావని అడగరా? నోరు మూసుకో."

మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "మీ చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చాకే పాడయ్యాయి. ఎవరి క్లాత్ వాళ్ళకి నేనే అల్లి ఇస్తాను."

"అరవై ఒకటా అక్కగారూ? మీ కళ్ళేమవుతాయండీ?"

"కళ్ళజోడుంది కదే."

తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా అల్లితే క్లాత్‌కు ఇరవై రోజులు పట్టేది. మెడ వంగిపోయింది. కుడి చూపుడువేలు పూర్తిగా మడత పడేది కాదు. నేను వారం వారం వెళ్ళి ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఒకసారి, "అందరికీ చెప్పేస్తానక్కా, నిన్నిలా చూడలేను," అన్నాను. "ఇన్ని చేశాక ఇప్పుడు చెప్తే ఇవన్నీ దేనికిరా?" అంది. నేను చెప్పలేదు. ఆమె కోసమే ఊరుకున్నానని అప్పట్లో అనుకున్నాను. నా పని పోతుందనీ ఊరుకున్నాను.

రెండున్నరేళ్ళలో నలభై నాలుగు క్లాత్‌లు ఇచ్చింది. నలభై అయిదోది ఒళ్ళో ఉండగా, అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

దినకర్మ నాడు మిగిలిన ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి, "మాకింకేమీ వద్దండి, తీరిపోయింది," అన్నారు. నేను తల ఊపి ఊరుకున్నాను. ఎందుకు తీరలేదో చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ నిజం ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

పదిహేడు క్లాత్‌లు. క్లాత్‌కు నలభై ఎనిమిది చొప్పున ఎనిమిది వందల పదహారు పువ్వులు. అక్క ఒళ్ళో ఉన్నదానిలో ముప్పై ఒకటి పూర్తయ్యాయి. అవి తీసేస్తే ఏడు వందల ఎనభై అయిదు.