నర్సు ట్రైనింగుకు బరువు చాలలేదు

నేను ఎస్సెస్సెల్సీ పాసైన ఏడాది మా ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు. అన్నయ్య అంతకుముందే పాసై, విజయనగరంలో టైపు కూడా నేర్చుకుని, ఎంప్లాయిమెంటు ఆఫీసులో పేరు రాయించుకుని ఊరికే కూర్చున్నాడు. అక్కడిచ్చిన కార్డు రెన్యువల్ చేయించుకుని రావడమే అతనికి ఉద్యోగమైంది. నాన్న లేడు. శృంగవరపుకోట దగ్గర మా మెట్టలో వేసిన రాగులు, మేం చోళ్ళంటాం, వానల్లేక మాడిపోయాయి.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని మా స్కూలు టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే అడిగేసింది.

"అమ్మగోరూ, ఏటి సదివితే తప్పకుండా ఉజ్జోగం వస్తాదో అది సెప్పండి. దీనికేది ఇష్టమో నాకొద్దు."

టీచరమ్మ మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. "పంతులు ట్రైనింగు అయినవాళ్ళే ఖాళీగా తిరుగుతున్నారు. టైపు సంగతి మీ అబ్బాయిని చూస్తూనే ఉన్నావు. నర్సులకైతే కొరత. ట్రైనింగులో తిండీ, స్టైపెండూ వాళ్ళే ఇస్తారు," అన్నారు.

"మగోళ్ళ ఒళ్ళు తుడవాల కదమ్మా," అంది అమ్మ. మళ్ళీ తనే, "తుడిస్తే తుడిసింది, పంపుతాను," అంది.

నన్నెవరూ అడగలేదు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి.

ట్రైనింగుకు ఎంపిక జరిగేనాడు ఆస్పత్రి వరండా నిండా నాలాంటి పిల్లలే. ముందు బరువు చూస్తారనీ, తక్కువైతే పంపేస్తారనీ అక్కడికి వెళ్ళాకే తెలిసింది. చోడి అంబలితో పెరిగిన ఒళ్ళు నాది. అమ్మ పరుగున బజారుకెళ్ళి డజను పళ్ళున్న అరటి అత్తం తెచ్చింది. నన్ను గోడవైపు తిప్పి తినిపించసాగింది.

"నావల్ల కాదే అమ్మా."

"మింగే, మింగు. నీళ్ళు తాగు."

కడుపు రాయిలా అయింది. అలాగే వెళ్ళి తూకం బల్లెక్కాను. నర్సమ్మ ముల్లు చూసి తల అడ్డంగా ఊపింది. పిలవకుండానే అమ్మ లోపలికొచ్చేసింది.

"బక్కదే గానీ రెండు బిందెలు మోస్తాదమ్మా! మళ్ళీ సూడండమ్మా."

"రూలమ్మా. బాగా తిండి పెట్టి వచ్చే ఏడు తీసుకురా."

"తిండే ఉంటే ఇక్కడికెందుకొస్తాను?"

నర్సమ్మ తల దించుకుని తర్వాతి పేరు పిలిచింది.

బయటికి రాగానే కాలవ పక్కన తిన్నదంతా కక్కేశాను. నా తల పట్టుకున్న అమ్మ, వాంతులు ఆగాక అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది.

"నిన్నేటి సేసేదే? ఇంకెవర్ని అడగనే?"

ఆ ఏడాదంతా వండిన అన్నం ముందు నాకే పెట్టారు. అన్నయ్య, "నాకాకలి నేదు," అంటూ గంజి తాగి లేచిపోయేవాడు. ముద్ద దిగకపోయినా మింగేదాన్ని. మరుసటేడు బరువు సరిపోయింది. సీటు వచ్చింది.

ట్రైనింగుకు వెళ్ళేనాడు నా ట్రంకుపెట్టె అన్నయ్యే మోశాడు. దారిలో ఒకసారి దింపి, ఆయాసం తీర్చుకుని మళ్ళీ ఎత్తాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఆస్పత్రిలో రాతపని ఏటైనా ఉంటే నాకోసం అడుగుతావేటే?"

అడుగుతానన్నాను. ఎవరిని అడగాలో నాకు తెలీదు.