మడమ వదిలిన ఎర్రగీత

ఈ ఉదయం మా హిందూపురం వీధిలో సిమెంటు మీద చిన్న చక్రాల గరగర వినిపించింది. వెంటనే నా నోటుపుస్తకం తెరిచాను. అందులో ఇలా ఉంది:

ఆదివారం: ధర్మవరం స్కేట్‌బోర్డు పోటీలో రాజేశ్వరి చేసిన హీల్‌ఫ్లిప్‌ను కిక్‌ఫ్లిప్‌గా రాశారు. చేసిన విన్యాసమే మళ్లీ చేసిందని మార్కులు కొట్టేశారు.
సోమవారం: దిద్దిన ఫలితానికి నకలు అడిగితే నిర్వాహకులు ఇవ్వలేదు.
శుక్రవారం: మళ్లీ అడిగాను. నవ్వారు.

రాజేశ్వరి మా పక్కింట్లో అద్దెకున్న వ్యాయామ ఉపాధ్యాయురాలు. రెవెన్యూ కార్యాలయంలో జీవితమంతా రికార్డులు రాసి పదవీ విరమణ చేసిన నేను, ఆమె బోర్డు చప్పుడు మీద ఫిర్యాదు చేయదలచి, కిటికీలోంచి చూసిన ప్రతిదాన్నీ ‘గెంతు’ అని రాసుకున్నాను. ఒకనాడు ఆమె ఆ పుస్తకం అడిగి తీసుకుని చదివింది.

“ఏం పెదనాయనా, అన్నీ గెంతులేనా? ఆఫీసులో మాగాణినీ మెట్టనూ కలిపి ‘నేల’ అనే రాసినావా?”

పోటీకి చాలా ముందే, ఒక సెలవునాడు ఆమె నన్ను పెనుకొండ దగ్గర శెనక్కాయలు ఆరబోసే సిమెంటు కళ్లానికి తీసుకుపోయింది. ముందుపాదం బూటు కొనకు ముగ్గుపిండి, మడమకు తడిపిన ఎర్రమన్ను పూసుకుంది. వెనకపాదంతో బోర్డు తోకను నేలకు కొట్టి, చేయి తగలకుండా బోర్డుతో సహా లేస్తే ఓలీ. ముందుపాదంతో బోర్డు ముందుకొనను, అంటే ముక్కును, కొట్టి లేస్తే నాలీ. గాలిలో వేళ్లతో మడమవైపు అంచును తన్ని బోర్డును తనవైపు బొర్లిస్తే కిక్‌ఫ్లిప్. మడమతో వేళ్లవైపు అంచును తన్ని అవతలికి బొర్లిస్తే హీల్‌ఫ్లిప్.

“తిరిగేది చూస్తే కన్ను మోసపోతాది. ఏ అంచుకు ఏ రంగు అంటిండాదో చూసి రాయి,” అంది.

ధర్మవరంలోనూ ఆమె అలవాటు కొద్దీ రంగులు పూసుకునే దిగింది. మార్కులు పోయాక, “పోనీలే పెదనాయనా,” అంటూ సంచి సర్దుకోసాగింది. నేను బోర్డు తీసుకుని న్యాయనిర్ణేత బల్ల దగ్గరకు నడిచాను.

“ఏమప్పా, ఈ అంచుకు తెల్లగీత, ఆ అంచుకు ఎర్రగీత. రెండూ ఒకటేనా?”

“నువ్వు ఆడతావా పెద్దాయనా?”

“ఆడను. రాస్తాను.”

ఆయన ఎర్రగీతను వేలితో తడిమి, వేలిని చూసుకున్నాడు. అంచులు తుడిపించి, ఆమెను మళ్లీ చేయమన్నాడు. బోర్డు అవతలికి బొర్లి, ఆమె పాదాల కిందికే తిరిగి వచ్చింది. వేళ్లవైపు అంచున తాజా ఎర్రమన్ను. రాజేశ్వరిదే మొదటి స్థానమని మైకులో చెప్పగానే ఈలలతో మైదానం దద్దరిల్లింది. ఆమె కప్పు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

“నువ్వే మొయ్యి. నేను బోర్డు మోస్తా.”

ఆ తర్వాత ఆమె బదిలీ అయి వెళ్లిపోయింది; ఈ ఉదయం వీధిలో గరగరలాడినవి ఎవరో పిల్లవాడి చక్రాలు. నా పుస్తకంలో ‘గెంతు’ అన్నవన్నీ కొట్టేసి ఉన్నాయి. చూసింది రాసే ముందు ఏ పాదం, ఏ అంచు అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

పోటీ నిర్వాహకులకు: మైకులో ఒప్పుకున్నది మీ రిజిస్టరులో ఇంకా దిద్దలేదు. రాజేశ్వరి పేరుకు ఎదురుగా రెండవ ‘కిక్‌ఫ్లిప్’ కొట్టివేసి, ‘హీల్‌ఫ్లిప్’ అని రాసి, సంతకం చేసిన ప్రతితో పదిహేను రోజులలోగా నాకు లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలెను.