మాధవీలత అణువులు

మా పక్క క్వార్టర్ ఎర్రయ్య గూడ్స్ బండి డ్రైవరు. కూతురు మాధవీలత పట్టాల పక్కనే ఉన్న ఒక చిన్న ల్యాబులో ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. అణువుల్ని లేజరు వెలుగుతో ఊహకందనంత చలికి దించి, అయస్కాంత క్షేత్రంలో నిలబెట్టడం ఆమె పని. క్షేత్రం ఒకానొక బలం దగ్గర కదలకుండా ఉంటే అవి కొన్ని సెకన్లయినా బతుకుతాయని ఆమె లెక్క. ఆ లెక్కే థీసిస్. కంటికి కనపడని వాటికి ఇంత వైభోగమేమిటని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

అవి మాత్రం పెట్టిన మరుక్షణమే ఒకదానికొకటి తగిలి, వేడెక్కి, చెదిరిపోయేవి. వెతగ్గా వెతగ్గా పిల్లకు రైలు మీద అనుమానం వచ్చింది. బొగ్గు మోసే గూడ్స్ బండి వెళ్లినప్పుడల్లా పట్టాల మీది పైతీగలో కరెంటు పెరుగుతుంది, దాని ప్రభావం ల్యాబు దాకా పాకి తన క్షేత్రాన్ని కదిలిస్తోందంది.

ఎర్రయ్యకు అన్నం సయించలేదు. ఇల్లు గడిపిన బండే కూతురి చదువు మింగుతోందంటే ఎవరికి సయిస్తుంది? ల్యాబు దగ్గరకు రాగానే ఇంజనుకు కరెంటు తగ్గించి, బండిని ఉన్న ఊపు మీదే పోనిచ్చేవాడు. టైము పోగొడుతున్నాడని ఛార్జిషీటు ఇచ్చారు. మూర్ఖుడు, కారణం చెప్పలేదు. నువ్వొక్కడివి తగ్గిస్తే ఏమొస్తుందయ్యా అని కసిరాను.

"నా వంతు నాను సెయ్యాల గదా" అన్నాడు.

ఈ నెలతో ఆమె గడువు ముగుస్తుంది. ఇక పొడిగించరని గైడు చెప్పేశాడు. పిల్ల తిండి మానేసింది, చూడ్డానికి భయమేసేది. అప్పుడే ఎర్రయ్య పరుగున కబురు తెచ్చాడు: మరమ్మతు కోసం ఒక మధ్యాహ్నం ఆ లైనులో పైతీగకు కరెంటు ఆపేస్తారట. బండ్లే ఉండవు. అంతకన్నా మంచి పూట ఆమెకు మళ్లీ దొరకదు.

కరెంటు ఆపిన రోజు సాయంత్రం ఎర్రయ్యా నేనూ మెట్ల మీద కూర్చున్నాం. మాధవీలత స్కూటీ నడిపించుకుంటూ వచ్చింది.

"బతికినాయా అమ్మా?"

"నహీ నాన్నా. ఒక్క బండీ లేదు, క్షేత్రం బిల్కుల్ కదల్లేదు. అయినా ఎప్పట్లాగే పోయాయి. నేననుకున్న బలం దగ్గర వాటికి బతుకే లేదు. నా లెక్కే తప్పు. నీ బండి ఏం చెయ్యలేదు."

పోనీ, అతని గుండె మీద బరువైనా దిగిందనుకున్నాను. ఎర్రయ్య కూతురి తల దగ్గరకు తీసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా బండిదే తప్పయినా బాగుణ్ను గదే" అన్నాడు.