టైఫాయిడ్ తగ్గించిన ఎనిమిది కిలోలు

నేను మోకరించి ప్రార్థన చేసుకుని ఏడాది దాటింది. ఐదు కిలోలు తగ్గితే మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని డాక్టరుగారు చెప్పడంతో, నర్సీపట్నంలో మా వీధి చివరనున్న జిమ్‌లో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను. మూడు నెలల్లో తగ్గించే పూచీ తనదేనని అక్కడి ట్రైనర్ చెప్పాడు.

ఈ రోజుతో ఆ మూడు నెలలూ అయిపోయాయి. బరువు చూసుకుంటే వంద గ్రాములు కూడా తగ్గలేదు. నొప్పి మాత్రం పెరిగింది. అదే అతనితో అన్నాను.

"మీరు ఇంటికాడ ఏటి తింతన్నారో నాకేటి తెలుస్తాది ఆంటీ?" అన్నాడు.

"ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అడిగావేటి బాబూ? మోకాలు నొప్పని సెప్పినా అందరితో పాటు గుంజీలే తీయించావు కదా."

అతను గోడ మీదున్న ఫొటో చూపించాడు. "ఈవిడ సూడండి, మన దగ్గర ఎనిమిది కిలోలు తగ్గారు. మనసు పెడితే ఎందుకవ్వదు?"

ఆవిడ మా చర్చి సంఘంలోని మరియమ్మ.

"ఆవిడకి టైఫాయిడ్ వచ్చింది బాబూ. మంచం మీదుంటే రోజూ జావ పట్టుకెళ్ళింది నేనే."

"అయినా మన మెంబరే కదండీ" అని తాపీగా పక్కకు వెళ్ళిపోయాడు.

జ్వరానికి తగ్గితే అతని గొప్పట, తగ్గకపోతే నా తిండి తప్పట. సాయంత్రం కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకున్నాను. అతని కోసం కూడా చేద్దామనుకున్నాను గానీ, ఇవాళ్టికి నోరు రాలేదు. నొప్పి ఎక్కడో ముందు అడిగి, ఆ తరువాత కసరత్తు చేయించే ట్రైనర్ మన ఊళ్ళో ఎవరైనా ఉంటే చెప్పండి.