రాజమణి మేడం తప్పుగా తిట్టిన మనిషి

మెదక్ బజారులో రాజమణి మేడం ఎవరినీ పలకరించదు. గర్వం అనుకునేరు, కాదు. ఆమె దవాఖానలో హెచ్ఐవీ మందులిచ్చే గదిలో కౌన్సిలర్. ఆమె ఎవరిని చూసి నవ్వితే వాళ్ల మీద ఊరికి అనుమానం. అందుకే సొంత తోడికోడలు ఎదురైనా ముఖం తిప్పుకుని పోతుంది. తోడికోడలికి మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించలేదట.

గదిలో ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. మందు మొదలుపెట్టాక రక్తంలో వైరస్ తగ్గలేదంటే గోలీలు మానేశారనే లెక్క. మింగామని ఒట్టు పెట్టేవాళ్లను చూస్తే ఆమెకు ఇంకా హుషారు.

జాకెట్లు కుట్టే నగేష్ అలాగే చిక్కాడు. ఆరు నెలలైనా అతనికి వైరస్ తగ్గలేదు. పక్కనే భార్య దేవిక కూర్చుంది.

"రోజు వేసుకుంటున్న మేడం."

"నోట్ల వేస్తున్నవా, మోరీల వేస్తున్నవా? నీ పెండ్లాం మొకమన్న చూసి నిజం చెప్పు."

నగేష్ మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు. ఆ రోజే తీసి హైదరాబాద్‌కు పంపిన అతని రక్తం రిపోర్టు నెలన్నరకు వచ్చింది. అతనికి అంటుకున్న వైరసే ఆ మందుకు లొంగని రకం. ఎవరి ఒంట్లోనో మొండికేసి, ఆ మొండితనంతోనే ఇతనికి చేరింది. మొదటి గోలీ మింగకముందే ఆ మందు ఇతనికి పనికిరాకుండా పోయింది. త్వరగా మందు మార్చాలి. ఫోన్ చేస్తే అతను ఎత్తడు.

రాజమణికి సిగ్గేసింది. ఒక జాకెట్ ముక్క పట్టుకుని అతని దుకాణానికి వెళ్లింది. అక్కడున్న ఇద్దరు ఆడవాళ్లు కదిలేదాకా అక్కర్లేని లేసులన్నీ తిరగేసింది.

"తప్పు నాదే నగేషూ. నువ్వు సక్కగనే మింగినవ్. నీకంటిన వైరసే మందుకు లొంగనిది. వేరే మందు ఉన్నది, రేపు రా."

అతను మిషన్ మీంచి తల ఎత్తలేదు. "నేను మింగిన సంగతి నాకెరుకనే గద మేడం. గామెకు చెప్పుండ్రి."

దేవిక మేడం తిట్టిన రోజే అలిగి నర్సాపూర్‌లో తల్లిగారింటికి పోయిందట. అతనే ఫోన్ కలిపి ఇచ్చాడు. రాజమణి అంతా చెప్పి, తప్పు తనదేనని మళ్లీ ఒప్పుకుంది.

"రేపు ఆయనను నేనే తోలుకొస్త," అంది దేవిక. "రోజు గోలీ చేతిల పెట్టింది నేనే మేడం. మింగెదాక ముందట నిలవడి చూసిన. మీరు గంత గట్టిగ అనంగనే, నా కండ్లనే నేను నమ్మలే."