డాక్టరు గారి స్టెతస్కోపు విప్పిన రోజు

1996 ఆగస్టు. మండపేటలో రైసు మిల్లుల వీధి చివర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆరు మంచాలు, ఒక కాన్పుల గది, ముందు వరండాలో రోగులు కూర్చోవడానికి రెండు బల్లలు. మేడ మీద డాక్టరు గారి ఇల్లు. ఎదురుగా మూడు మిల్లులు. అవి ఆడుతున్నంతసేపూ సన్నటి ఊకధూళి గాలిలో ఎగిరేది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు.

డాక్టరు సూర్యనారాయణ గారికి అప్పుడు అరవై మూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఏ రోగినైనా ముందు ఊరి పేరు అడిగి, ఆ తర్వాతే రోగం అడిగేవారు. రెండేళ్ల క్రితం భార్య తాయారమ్మ గారు పోయారట. నేను ఆమెను చూడలేదు. కాంపౌండరు అప్పారావు గారు మాత్రం మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి "అమ్మగారుండగా" అనేవారు. ఆయన అక్కడ పాతికేళ్లుగా ఉన్న మనిషి.

చేరిన నెలలోనే నేనొకటి గమనించాను. డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి మరీ ఎక్కువసేపు వినేవారు. ఒకచోట పెట్టి, తీసి, చెవుల్లో సర్దుకుని మళ్ళీ పెట్టేవారు. చివరికి "ఎందుకైనా మంచిది, ఒక ఎక్స్‌రే తీయించుకు రండి" అనేవారు. బీపీ చూడటం పూర్తిగా నాకే వదిలేశారు. బీపీకి నేను నా సొంత స్టెతస్కోపు వాడేదాన్ని. ట్రైనింగులో ఉన్నప్పుడు కొనుక్కున్న చవక రకం అది, ఒకవైపే బిళ్ల ఉండేది. ఆయనది మంచి రకం. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో కొన్నారట. ట్యూబు మాత్రం మధ్యలో ఒకసారి మార్చారు. దాన్ని ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. పని అయ్యాక రుమాలుతో ఒకసారి తుడిచి, కిటికీ పక్కన మేకుకి తగిలించేవారు.

ఆయనకు చెవులు మందగిస్తున్నాయని నేను తేల్చేసుకున్నాను. నాతో చదువుకున్న ఒక స్నేహితురాలితో కూడా ఆ మాట అన్నాను. "పాపం పెద్దాయన, ఇక ఎక్కువ కాలం నడపలేరేమో" అని. ఆయనతో మాత్రం ఏమీ అనలేదు. పెద్దవారు, పైగా డాక్టరు. ఎలా అంటాం?

ఆ రోజు పదకొండు గంటల వేళ సత్తిబాబు అనే మిల్లు కూలీ తన భార్యను రిక్షాలో తీసుకొచ్చాడు. ఆమె పేరు నాగమణి, ఇరవై రెండేళ్లు ఉంటాయి. ఆరో నెల కడుపు. రెండు మెట్లు ఎక్కి వరండాలోకి వచ్చేసరికే బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

"నీరసం అండి, డాట్రు గారూ," అన్నాడు సత్తిబాబు. "నాలుగడుగులేత్తే ఆయాసం వచ్చేత్తంది. అన్నం సయించట్లేదు. ఓ రెండు సెలైన్లు ఎక్కించేయండి బాబూ, లేచి కూర్చుంటది."

మా వైపు అప్పట్లో నీరసానికి సెలైనే మందు. డాక్టరు రాయకపోయినా మనుషులు అడిగి పెట్టించుకునేవారు.

డాక్టరు గారు ఆమె కళ్ల రెప్పలు దించి చూశారు, పాలిపోయి ఉన్నాయి. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. వీపు మీద పెట్టి విన్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "రక్తం తక్కువగా ఉందమ్మా. టానిక్ రాస్తాను. రూతమ్మా, ఒక సెలైన్ పెట్టు," అన్నారు.

నేను నాగమణిని లోపలికి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాను. సీసా తగిలించి సూది తీస్తున్నాను. ఆమె లేచి కూర్చుంది.

"పడుకోలేనండి," అంది. "పడుకుంటే ఊపిరాడదండి. వారం నుంచి గోడకి ఆనుకునే నిద్రోతన్నానండి."

రక్తం తక్కువైతే ఆయాసం వస్తుంది. కానీ పడుకుంటే పెరిగి, కూర్చుంటే తగ్గే ఆయాసం గురించి మా ట్రైనింగులో వేరేగా చెప్పారు. అది గుండె సంగతి కావచ్చు. గుండెలో ఇబ్బంది ఉన్న మనిషికి సీసాలకు సీసాలు నీళ్లు ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. సూది పళ్లెంలో పెట్టేశాను. నాగమణి వీపు వెనక రెండు దిండ్లు పెట్టి, డాక్టరు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ అమ్మాయి పడుకోలేకపోతోందండి. మీరు ఇంకొక్కసారి గుండె వింటారా?"

ఆయన తలెత్తి చూశారు. కోప్పడతారనుకున్నాను. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు.

"మళ్ళీ విన్నా అంతేనమ్మా," అన్నారు మెల్లగా. "నాకు వినపడటం లేదు. ఏడాది నుంచి తగ్గుతూ వస్తోంది. ఈ దసరాకి బోర్డు తీసేద్దామనుకుంటున్నాను. ఎవరితోనూ అనలేదు."

ఆయన మెడలోంచి స్టెతస్కోపు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు విను. ఏం వినపడిందో చెప్పు."

నాగమణి దగ్గరకు వెళ్లి ఆయన స్టెతస్కోపుతో విన్నాను. చెరువులో మునిగి, గట్టు మీది మాటలు విన్నట్టుగా ఉంది. ఎక్కడో దూరంగా దడదడ. అంతకు మించి ఏమీ లేదు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. నా చెవులకు ఏ జబ్బూ లేదు.

వెంటనే నాది తీసుకుని అదే చోట పెట్టాను. గుండె చప్పుడు చెవుల్లో సమ్మెట దెబ్బల్లా వినిపించింది. చాలా వేగంగా కొట్టుకుంటోంది.

పరుగులాంటి నడకతో వెనక్కి వెళ్లాను. "సార్, మీ దాంట్లో నాకూ వినపడలేదండి. తప్పు మీ చెవులది కాదేమో. ఒకసారి నాది పెట్టుకుని చూడండి."

ఆయన చెయ్యి చాపలేదు. నా చేతిలోని స్టెతస్కోపు వంకే చూస్తూ కూర్చున్నారు.

"నీది అడగాలని చాలాసార్లు అనుకున్నానమ్మా," అన్నారు. "దాంట్లో కూడా వినపడకపోతే ఇక తేలిపోతుంది కదా. అందుకని అడగలేదు."

నలభై ఏళ్లుగా జనానికి ధైర్యం చెబుతున్న మనిషి ఆ మాట అన్నారు. నా స్టెతస్కోపుని బల్ల మీద ఆయన ముందు పెట్టాను. కాసేపటికి ఆయనే తీసి చెవులకు పెట్టుకుని, బిళ్లను తన ఛాతీకే ఆనించుకున్నారు.

"ఫ్యాను ఆపు," అన్నారు.

ఆపాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నిమిషం దాకా కదల్లేదు. కళ్లు తెరిచినప్పుడు అవి తడిగా ఉన్నాయి. నేను కిటికీ వైపు తిరిగాను.

"వినపడుతోంది," అన్నారు. వెంటనే లేచి నాగమణి మంచం దగ్గరికి నడిచారు. నా స్టెతస్కోపుతో విని, నొసలు ముడిచారు. "గుండెలో ఏదో ఉంది. నేననుకున్నదే అయితే దాని చప్పుడు చాలా మందంగా ఉంటుంది. నీ బిళ్లకి అది చిక్కదు, బెల్ కావాలి. నాదాన్ని బాగు చేయగలవా?"

మంచి స్టెతస్కోపుకి కింద రెండు ముఖాలుంటాయి. ఒకటి డయాఫ్రమ్, అంటే పల్చటి బిళ్ల బిగించిన వైపు. ఊపిరి, బీపీ లాంటి చురుకైన శబ్దాలకు అది. రెండోది బెల్, అంటే చిన్న గిన్నెలా ఉండేది. బరువైన, లోతైన శబ్దాలకు అది కావాలి. నా చవక దానికి ఆ రెండోది లేదు.

నేను రాజమండ్రిలో ట్రైనింగు అయిన చోట మా మేట్రన్ ప్రతి శనివారం మా చేత స్టెతస్కోపులు విప్పించి తుడిపించేది. కాబట్టి పని తెలుసు. మందుల గదిలో తెల్ల గుడ్డ పరిచి, అప్పారావు గారిని సాయానికి పిలిచాను. ముందు చెవుల్లో పెట్టుకునే ఇయర్ పీసులు మరతిప్పి ఊడదీశాను. ఒకటి గుబిలితో పూర్తిగా మూసుకుపోయింది, రెండోదానిలో సూది మొనంత సందు ఉంది. వాటిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో వేశాను. డయాఫ్రమ్ రింగు విప్పితే, దాని కింద చెమటా ఊకధూళీ కలిసి అట్ట కట్టి ఉన్నాయి. బిళ్లకి అడ్డంగా పగులు. బెల్ అడుగున ఉండే రంధ్రంలోనూ అదే ధూళి. పిన్నీసుకి దూది చుట్టి, మెల్లగా తిప్పుతూ తీశాను. గుచ్చితే ఇంకా లోపలికి పోతుంది. ట్యూబు కిటికీ ఎండకి బిరుసెక్కి, ఇనుప గొట్టానికి తొడిగిన చోట చీలింది. గాలి అక్కడ పోతే శబ్దమూ అక్కడే పోతుంది. చీలిన అంగుళం ముక్క కోసేసి, మిగతా ట్యూబు కొనని వేడినీళ్లలో మెత్తబరిచి తిరిగి తొడిగాను.

అప్పారావు గారు ఆ మురికి చూసి, "అమ్మగారుండగా ఇలా ఉండేది కాదండి, సిస్టరు గారూ," అన్నారు.

"అమ్మగారు దీన్ని తుడిచేవారా?"

"ఆయ్. ఆదివారం ఆదివారం డాక్టరు గారు పేపరు చదూకుంటా ఉంటే, పెరట్లో పీట వేసుక్కూర్చుని విప్పి తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించేసేవోరండి. ఆరికి తెలీదనుకుంటానండి."

గుమ్మంలో డాక్టరు గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో మేం చూడలేదు.

"తెలీదు," అన్నారాయన. "ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా నాకు తెలీదు."

వంగి గుడ్డ మీది ముక్కలు చూశారు. తర్వాత ఆయనే, "బిళ్ల పగిలిపోయిందా? ఆ బీరువాలో పాత ఎక్స్‌రే ఫిల్ములున్నాయి చూడు," అన్నారు. ఫిల్ముని వేడినీళ్లలో రుద్ది, నల్లటి పొర పోగొట్టి, రింగు పెట్టి గీత గీసి, కత్తెరతో గుండ్రంగా కోశాను. కొత్త బిళ్ల దొరికేదాకా మా వైపు చాలామంది అలాగే నడిపించేవారు. అన్నీ ఆరాక బిగించి, స్పిరిట్ దూదితో పైన తుడిచాను. దూది తడిగా ఉంటే చాలు, ట్యూబుని స్పిరిట్‌లో ముంచకూడదు, రబ్బరు ఇంకా బిరుసెక్కుతుంది. అప్పారావు గారు చొక్కా బొత్తాలు విప్పి ముందుకొచ్చారు. ఆయన గుండె బ్రహ్మాండంగా వినిపించింది.

డాక్టరు గారు నాగమణిని ఎడమ పక్కకి ఒరిగించి, దిండ్ల మీదే ఉంచి, బెల్ పెట్టి విన్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"చిన్నప్పుడు కీళ్ల వాపులతో జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా?"

"పదేళ్లప్పుడు వచ్చిందండి. మోకాళ్లు వాచిపోయినాయండి. నెల్రోజులు బడికెళ్లలేదండి."

ఆయన నా చెవులకు స్టెతస్కోపు పెట్టి వినిపించారు. గుండె లబ్ డబ్ అని కొట్టుకుంటుంటే, ఆ డబ్‌కీ తర్వాతి లబ్‌కీ మధ్య సన్నగా, బరువుగా ఒక గుర్రు. దాన్ని మర్మర్ అంటారు. గుండె గదుల మధ్య ఉండే కవాటం పాత జ్వరం వల్ల గట్టిపడి ఇరుకైతే, రక్తం ఆ సందులోంచి ఒరుసుకుంటూ పోయే చప్పుడు అది. కడుపు పెరిగేకొద్దీ ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఆ ఇరుకు సందు మీద ఒత్తిడీ పెరుగుతుంది. నాగమణి ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరు చేరుతోంది.

నేను తగిలించిన సీసాని డాక్టరు గారే స్టాండు మీంచి తీసేశారు. సత్తిబాబు కంగారుపడ్డాడు.

"అదేంటండి, సెలైను పెట్టరా?"

"పెట్టకూడదయ్యా. పెడితే ఈ పిల్ల ఇప్పుడే మునిగిపోతుంది," అన్నారు. అతన్ని కూర్చోబెట్టి కాగితం మీద గుండె బొమ్మ వేసి, అతనికి అర్థమయ్యేదాకా చెప్పారు. ఒంట్లో నీరు తగ్గించే ఇంజెక్షన్ చేయించి, తన కారులోనే నాగమణిని కూర్చోబెట్టి కాకినాడ పంపారు. తోడుగా నేను వెళ్లాను. దారి పొడవునా ఆమె నా భుజానికి ఆనుకుని కూర్చుంది. రామచంద్రపురం దాటాక, "ఇప్పుడు కొంచెం గాలి ఆడతందండి," అంది.

కాకినాడలో గుండె డాక్టరు పరీక్ష చేసి మా డాక్టరు గారు చీటీలో రాసిందే నిజమన్నారు. మందులతో, పూర్తి విశ్రాంతితో అక్కడే ఉంచారు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువే గానీ ఆరోగ్యంగా. మరుసటి ఏడు విశాఖపట్నంలో నాగమణికి కవాటం వెడల్పు చేశారు. ఆ తర్వాత ఆమె మా మెట్లు ఎక్కి వచ్చినప్పుడు బల్ల పట్టుకోలేదు.

డాక్టరు గారు రాజమండ్రి వెళ్లి చెవులు కూడా చూపించుకున్నారు. కుడి చెవిలో వయసుకు తగ్గ లోపం కొంచెం ఉందన్నారు. ఆ సంగతి ఆయన దాచలేదు. "ఎడమ వైపు నుంచి మాట్లాడండమ్మా" అని రోగులకే చెప్పేవారు. బోర్డు తీయలేదు. ఇంకో ఏడేళ్లు రోగులను చూశారు.

ఈ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు దాటాయి. తర్వాత నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పాను. స్టెతస్కోపు ఎలా విప్పాలో, ఎలా తుడవాలో ఒక్క గంటలో నేర్పేయవచ్చు. నాలుగు నెలల పాటు మర్యాద పేరుతో నోరు మూసుకుని, ఆ మంచి మనిషి మీద నేను వేసుకున్న తప్పుడు లెక్క గురించి చెప్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ రోజు సూది గుచ్చేసి ఉంటే, నాగమణికి జరిగేదానిలో సగం తప్పు నాదే అయ్యేది.

కాకినాడ నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఆ మాట ఆయనతోనే చెప్పేశాను. "మీ చెవులే పోయాయనుకున్నానండి. నన్ను క్షమించండి," అన్నాను.

"నేనూ అదే అనుకున్నానుగా," అన్నారాయన. "చివరికి నువ్వు అడిగావు కదమ్మా. ముగ్గురం బతికాం."

"ముగ్గురా అండి?"

"నాగమణి, కడుపులో బిడ్డ, నేను," అని చెప్పి, తర్వాతి రోగిని పంపమన్నారు.